అరగంట కాపలా

మిగతావాళ్ళది నిప్పు పుట్టించే పని.
నాది, అది పోయిందో లేదో చూసే పని.
ఆర్క్ ఆగాక అరగంట
బకెట్టూ, నీళ్ళగొట్టమూ, ఎర్ర సిలిండరూ పెట్టుకుని
ఇనుప గోడ దగ్గర ఉండాలి.
తాల్కావానో ఓడల మరమ్మతు రేవులో
అన్నిటికంటే తక్కువ జీతం దీనికే.
"కూర్చున్నందుకు డబ్బులా, ఎదుల్మీరా!" అని
క్రేను మీంచి అరుస్తాడు రిగోబెర్తో,
రోజూ, అదే మాట.

నిప్పు లేనిదే పొగ రాదంటారు.
నిజమే, కానీ ఏ పొగ ఎప్పుడు కాలుస్తుందో చెప్పరు.
జింకు పూసిన రేకుకి ఆర్క్ తగిలితే
తెల్లగా లేస్తుంది, ఏకిన దూదిలా,
చూడ్డానికి బాగానే ఉంటుంది.
ఆ రాత్రి మూడు దుప్పట్ల కింద వణుకు,
నోట్లో చిల్లర డబ్బుల రుచి.
తెల్లారేసరికి ఏమీ ఎరగనట్టు పోతుంది.
"పాలు తాగితే సరి" అనేవాడు ముసలి ఓనోఫ్రె.
ముప్పై ఏళ్ళు తాగాడు.
పాలు వెళ్ళే దారి వేరు, పొగ వెళ్ళే దారి వేరు.
ఇప్పుడు మెట్లెక్కుతూ మూడుచోట్ల ఆగుతాడు,
ఆగిన ప్రతిచోటా ఒక జోకు చెబుతాడు,
ఊపిరి కోసం ఆగాడని మనకి తెలియకూడదు మరి.

ఇప్పుడు ముందుగా పూత గీకేస్తున్నారు.
పొగ పీల్చే తొండం అతుకుకి జానెడు దూరంలో.
కొత్తవాళ్ళకి నేను చెప్పేది ఒకటే:
పొగ ఎటు పోతోందో చూసి
తల ఇంకోవైపు పెట్టు నాయనా.

బెలిసారియో వినలేదు, మొదటి వారం.
ముసుగెత్తి చూశాడు, రెప్పపాటే కదా అని.
రాత్రి రెండింటికి కళ్ళల్లో పిడికెడు ఇసుక.
వాళ్ళమ్మ బంగాళాదుంప చక్రాలు కోసి రెప్పల మీద పెట్టింది.
దుంప చేసిన మేలేమీ లేదు,
కోస్తున్నంతసేపూ ఆమె తిట్టిన తిట్లే పనిచేశాయి.
ఇప్పుడు పక్కవాడి ఆర్క్‌కి తెర కట్టనిదే
చీపురు కూడా పట్టుకోడు.

రంగున్నవాటితో బతకొచ్చు.
వాసనున్నవాటితో కూడా.
ఆర్గాన్‌కి రెండూ లేవు.
రాత్రి ఎవరో గొట్టం నాలుగో ట్యాంకులో మరిచారు.
గాలికంటే బరువు కదా,
తెల్లవార్లూ అడుగున నిండింది, బావిలో ఊటలా.
పొద్దున నిబాల్దో స్పానరు కోసం దిగాడు.
వంగాడు.
దగ్గలేదు, కేక వెయ్యలేదు,
నిద్రొచ్చినవాడిలా పక్కకి ఒరిగాడు.
నా ఫ్లాస్కు మూత అతని జేబులోనే ఉంది.

తమ్ముడి కోసం నిచ్చెన మీద కాలు పెట్టినవాణ్ణి
నడుం పట్టుకుని వెనక్కి లాగింది నేను.
గింజుకున్నాడు, నా చెయ్యి కొరికాడు. వదల్లేదు.
ఆ తర్వాత రిగోబెర్తో
నేల మీది పని మానేసి క్రేనెక్కాడు.

అందుకే మీటరుని తాడుకి కట్టి దింపుతాను:
పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి.
ఇరవైకి తగ్గిందా, నిచ్చెన పైకి లాగేస్తాను,
మేనేజరొచ్చి ఓడ ఆలస్యమవుతోందన్నా సరే.

ఇవాళ ఉత్తరపు గాలి, వాన.
అందరూ తడి చేతితొడుగులు విప్పి వెళ్ళిపోయారు.
ఇరవై రెండో నిమిషం.
గోడ ఇటువైపు చల్లబడింది.
నిప్పు మాత్రం ఇటువైపే ఉండాలని ఎక్కడుంది?
చుట్టూ తిరిగి అటు వెళ్ళాను, నావికుల గదిలోకి.
పరుపుల వెనక, పైపు సందులో
ఎవరో కుక్కిన నూనెగుడ్డ.
పైకి బూడిద. ఊదితే ఎర్రగా కన్ను తెరిచింది.

బకెట్టు మొత్తం పోశాను.
కిటికీలోంచి ఆవిరి బయటికి పోయింది.
పుస్తకంలో రాశాను: ఐదూ ఇరవై రెండు. గుడ్డ. ఆరింది.
క్రేను మీంచి అరుపు వస్తుందనుకున్నాను.
రాలేదు.

నిబంధన ప్రకారం
అరగంట మళ్ళీ మొదటినుంచి లెక్క.
బకెట్టు నింపుకొచ్చి కూర్చున్నాను.
డ్యూటీ దిగిపోవాల్సిన వేళ దాటినా
పైన క్రేను దీపం
ఇంకా వెలుగుతూనే ఉంది.